ఓబీ-వాన్ శరీరం మాయమైంది, మరి క్వై-గాన్‌ను ఎందుకు కాల్చారు?
అన్నా, మీ పాప పట్టుకున్న పాయింటు చిన్నది కాదు. 'స్టార్ వార్స్'లో ఓబీ-వాన్ అనే గురువు కత్తివేటుకు మాయమైపోతే, ఆయనకే గురువైన క్వై-గాన్‌కు చితి పేర్చినారేమని అడిగిందన్నారు కదా. తప్పు సినిమాది కాదులే.

1999 సినిమాలో చనిపోయేనాటికి క్వై-గాన్‌కు ఆ మాయమయ్యే విద్య పూర్తిగా పట్టుబడలేదు. పోయినాక కూడా ఉండే దారిని ఆయన కనుక్కున్నాడని పెద్ద గురువు యోడా చెప్పేది 2005 సినిమా చివర్లో. ఆ దారిని ఓబీ-వాన్ నేర్చుకున్నాడు. అందుకే 1977 దాంట్లో విలన్ వేడర్‌తో పోరాడుతూ శిష్యుడు లూక్ వైపు ఒకసారి చూసి, చిన్నగా నవ్వి, కత్తి నిలువుగా పెట్టి ఆగిపోతాడు. వేటు పడుతుంది, అంగీ మాత్రం కుప్పగా కూలుతుంది. వేడర్ దాన్ని కాలితో కెలికి చూస్తాడు, గోనెసంచి కింద ఎలుక ఉందేమోనని మనం కెలికినట్టు! ఆ తర్వాత లూక్‌కు ఓబీ-వాన్ గొంతు వినపడుతుంది. 1983లో యోడా కూడా పడకమీదే మాయం.

పాపకు ఇంకా అర్థం కాకపోతే, మీది కడపే కదా, బ్రహ్మంగారి మఠం కథ ఎత్తుకోండి. స్వామి సజీవ సమాధిలోకి పోయినాక సిద్దయ్య ఏడుస్తుంటే, గొంతు వినిపించి, పాదుకలూ దండమూ దక్కినాయంటారే, అదీ. అచ్చం ఒకటే కాదుగానీ మా వాడికి అట్ల చెప్తేనే ఎక్కింది.

ఇంకోటి. ముందు అనుకున్న కథలో ఓబీ-వాన్ బతికే ఉంటాడు. షూటింగ్ నడుస్తుండగా డైరెక్టర్ లూకాస్ మార్చినాడు, ఆ పాత్ర వేసిన అలెక్ గిన్నిస్‌కు అది మొదట నచ్చలేదు కూడా. ఆ పాత్రకే ఆయనకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

ఈసారి చూపిస్తే 1977, 1980, 1983 ముందు పెట్టండి. 1999ది తర్వాత.