కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌లో ఎర్రర్ మెసేజ్ ఎలా రాస్తే చదివేవాళ్లకు పనికొస్తుంది?

పైథాన్‌లో రాసిన టూల్‌లో తప్పు జరిగితే స్టాక్ ట్రేస్ (కోడ్‌లో ఏ లైన్ నుంచి ఏ లైన్‌కి వచ్చి ఆగిందో చెప్పే పొడవాటి జాబితా) అంతా చూపించాలా, ఒక్క లైన్‌లో చెప్పాలా అని అడిగారు. ఒక్క లైన్‌లోనే చెప్పండి. ఆ లైన్‌లో ఏముండాలో నాకు గుంటూరు మిర్చి యార్డులో తెలిసొచ్చింది.

అక్కడ ఒక కమీషన్ కొట్టుకి లెక్కల స్క్రిప్ట్ రాసిచ్చాను. ఎక్సెల్ నుంచి తీసిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) ఇస్తే రైతువారీగా టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, క్వింటా ధర, కమీషన్ లెక్కగట్టి పట్టీలు, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలు, తయారు చేస్తుంది. మార్చిలో, మంచి సీజన్‌లో, ఒక రాత్రి గుమాస్తా గారు ఫోన్ చేశారు. "ఏదో ఇంగ్లిష్‌లో ఇరవై లైన్లు వచ్చాయండీ, రైతులు బయట కూర్చున్నారు" అన్నారు. చివరి లైన్ చదవమన్నాను. స్ట్రింగ్‌ను (అక్షరాలను) ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) మార్చలేకపోయానని ఉంది, ఆ చివర రెండు కోట్స్, వాటి మధ్య ఏమీ లేదు. అంటే ఎక్కడో ఒక గడి ఖాళీ. వెయ్యికి పైగా వరుసల్లో ఎక్కడని వెతకాలి? ఫోన్‌లోనే ఇద్దరం 40 నిమిషాలు వెతికాం. ఒక తేజ రకం మిర్చి లాట్‌కి ధర వేయలేదు. అది నింపి మళ్లీ నడిపితే అదే ఎర్రర్. ఇంకో గడి కూడా ఖాళీ.

తర్వాత మెసేజ్ ఇలా మార్చాను:

పట్టీ: లాట్లు.సీఎస్‌వీ: 847: లాట్ 312కి ధర లేదు. క్వింటా ధర అంకెల్లో వేయండి, ఉదా: 18500

ప్రోగ్రామ్ పేరు, ఫైల్, వరుస, ఆ తర్వాత విషయం. ఇది గ్నూ (లైనక్స్‌లో వాడే ఉచిత టూల్స్ ప్రాజెక్ట్) ప్రోగ్రామ్‌లు ఎప్పటినుంచో పాటిస్తున్న క్రమమే. వరుస నంబర్ మాత్రం ఎక్సెల్‌లో కనిపించేదే ఇవ్వండి. నేను మొదట హెడర్ వదిలేసి సున్నా నుంచి లెక్కపెట్టాను. గుమాస్తా గారు రెండు వరుసల పైనున్న వేరే రైతు ధర దిద్దబోయారు. అది తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

మొదటి తప్పు దగ్గరే ఆగిపోకండి. ఫైలంతా ముందే చూసి, తప్పులన్నీ ఒకేసారి చూపించండి. స్టాక్ ట్రేస్‌ను పారేయొద్దు, లాగ్ ఫైల్‌లో దాచండి. అది మీకు కావాలి, వాడేవాళ్లకు కాదు.

తెలుగులో మెసేజ్ ఇద్దామని చూస్తే వాళ్ల పాత విండోస్ కన్సోల్‌లో అక్షరాలు డబ్బాలుగా పడ్డాయి. అందుకని తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాను. ఫోన్లో మెసేజ్‌లు అలాగే టైప్ చేస్తారు కాబట్టి ఆయనకు ఇబ్బంది కలగలేదు.

మెసేజ్‌ను స్టాండర్డ్ ఎర్రర్‌కే (మామూలు అవుట్‌పుట్‌తో కలవకుండా ఎర్రర్ల కోసం విడిగా ఉండే దారి) పంపండి. మామూలు ప్రింట్‌తో రాస్తే, అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి మళ్లించినప్పుడు ఎర్రర్ కూడా అందులోకే పోతుంది, తెర మీద ఏమీ కనిపించదు. ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు తిరిగిచ్చే అంకె, సున్నా అంటే అంతా బాగుందని) కూడా సున్నా కాకూడదు. నేను ఎర్రర్ చూపించి సున్నాతో ముగించిన రోజుల్లో, నా స్క్రిప్ట్‌ని నడిపే బ్యాచ్ ఫైల్ (విండోస్ కమాండ్ల వరుస రాసిన ఫైల్) అంతా బాగుందనుకుని సగం పట్టీలను ప్రింటర్‌కి పంపేసింది. తప్పులకు 1, కమాండ్ తప్పుగా టైప్ చేస్తే 2 ఇస్తే చాలు. కమాండ్‌లో ఇచ్చిన ఆప్షన్లను చదివే పైథాన్ మాడ్యూల్ ఆర్గ్‌పార్స్ కూడా 2 ఇస్తుంది. తప్పుల సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా మాత్రం ఇవ్వకండి. లైనక్స్‌లో అందులో 8 బిట్లే (0 నుంచి 255 వరకే) మిగులుతాయి, సరిగ్గా 256 తప్పులున్న రోజున అది సున్నా అయిపోతుంది.