ముఖం నల్లగా, గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటే
ఇంట్లో ఫోన్‌తో వీడియో తీసుకుంటే ముఖం నల్లగా పడుతోందని, గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటోందని అడిగారు. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటున్నానని మీరే రాశారు కదా, ముఖం నల్లగా పడటానికి కారణం అదేనండి. వెనక వెలుతురు ఎక్కువగా ఉంటే ఫోన్ దానికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు) తగ్గించేస్తుంది. కుర్చీ తిప్పేయండి. కిటికీ మీకు ఎదురుగా, కాస్త పక్కకు ఉండాలి. ఎండ నేరుగా పడుతుంటే పల్చటి తెల్ల కర్టెన్ వేయండి. తర్వాత స్క్రీన్‌పై మీ ముఖం ఉన్నచోట వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. లేదంటే చెయ్యి ఊపినప్పుడల్లా వెలుతురు మారిపోతూ ఉంటుంది. రింగ్ లైట్ (ముఖం మీద వెలుతురు పడేలా పెట్టే గుండ్రటి లైటు) ఇప్పుడే కొనకండి.

ఇక గొంతు సంగతి. అది ఖాళీ గోడల వల్ల. ఫోన్ 6 అడుగుల దూరంలో ఉందన్నారు కాబట్టి మీ మాటతో పాటు గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దం కూడా గట్టిగానే రికార్డవుతోంది. మామూలు కాలర్ మైక్ ఒకటి చాలు, గడ్డానికి జానెడు కింద పెట్టుకోండి. నేల మీద దుప్పటి పరచి, ఎదుటి గోడకు మందపాటి బొంత వేలాడదీయండి. ఫ్రేములో కనపడదు కాబట్టి ఎలా ఉందోనని టెన్షన్ వద్దు. (కోడిగుడ్ల అట్టలు అతికించమనేవాళ్లు ఉంటారు, వాటివల్ల పెద్ద ఉపయోగం లేదు.) వెనక గోడకు ఆనుకోకుండా 3, 4 అడుగులు ముందుకు జరిగితే నీడ కూడా గోడ మీద అంతగా కనపడదు.