ఆండ్రూ ‘ఎన్‌జీ’ కాదు, ‘ఙ్’

సందేహం: మెషిన్ లెర్నింగ్ పాఠాలు చెప్పే ఆండ్రూ గారి ఇంటిపేరు ఇంగ్లీషులో ఎన్, జీ అనే రెండక్షరాలే. తెలుగులో ‘ఎన్‌జీ’ అని రాస్తుంటే చూశాను. మా అమ్మాయేమో ‘ఇంగ్’ అనాలంటోంది. అచ్చు లేని పేరు ఉంటుందా మాస్టారూ? ఎలా రాయాలి?

సమాధానం: మీ అమ్మాయి మాటే సరి. అవి పొడి అక్షరాలు కావు, రెండూ కలిసి ఒకే ధ్వని. దానికి మన వర్ణమాలలో అక్షరమే ఉంది: ఙ. చిన్నప్పుడు ‘క ఖ గ ఘ ఙ’ అని వల్లెవేశాక మళ్లీ దాని మొహం చూసేది ఏ ‘వాఙ్మయం’ లోనో. ఆ మాటనే నెమ్మదిగా పలుకుతూ ‘మ’ రాకముందే ఆగండి. నాలుక వెనకభాగం పైకి ఆనుకుంటుంది, పెదాలు కలవవు, గాలి ముక్కులోంచి వస్తుంది. అదే ఆయన ఇంటిపేరు. ‘శంక’లో సున్నకు పలికేదీ అదే. మాట మొదట ఆ ధ్వని మనకు అలవాటు లేదు కాబట్టి ముందు ఒక ‘ఇ’ చేరుస్తాం. ఇంగ్లీషువాళ్లూ అంతే.

ఆండ్రూ 1976లో లండన్‌లో పుట్టారు. తల్లిదండ్రులు హాంకాంగ్ వాళ్లు. ఈ ఇంటిపేరు చైనాలో నేటి సుజౌ ప్రాంతంలో వెలిగి, క్రీ.పూ. 473లో కూలిన ‘వు’ రాజ్యానిది. ప్రాచీన చైనీస్‌లో ఆ మాటకు ముందు ఙకారం, వెనక అచ్చు ఉండేవి. వియత్నాం రెండింటినీ నిలుపుకుని ‘ఙో’ అంది. 938లో బాక్‌డాంగ్ నది మీద దక్షిణ హాన్ అనే చైనా రాజ్యపు సేనను ఓడించిన ఙో క్వియెన్ ఇంటిపేరు ఇదే. నేటి చైనా అధికార భాష మాండరిన్‌లో ఙకారం పోయి ‘వు’, కొరియాలో ‘ఓ’ మిగిలాయి. జపాన్‌లో ఙకారం గకారమై ‘గో’ అయింది. అక్కడ కిమోనో బట్టను ‘గోఫుకు’ అంటారు, వు దేశపు బట్ట అని. హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్ భాష మాత్రం అచ్చును వదిలేసి ఙకారాన్నే పట్టుకుంది. నాకు ఈ పేరులో ఎంతో ఇష్టమైన సంగతి ఇదే.

ఒక్క జాగ్రత్త. సింగపూర్‌లో ఇదే స్పెల్లింగ్ కనబడితే అది వేరే ఇంటిపేరు కావచ్చు. ‘పసుపు’ అనే అర్థమున్న ‘హువాంగ్’ను హొక్కియెన్, టియోచ్యూ అనే దక్షిణ చైనా భాషలు మాట్లాడేవాళ్లు అలాగే రాస్తారు. హాంకాంగ్‌లో అది ‘వాంగ్’.

ఇక రాత సంగతి. ‘ఙ్’ ఒంటరిగా నిలబెడితే చాలామంది చదవలేరు. అందుకని ‘ఆండ్రూ ఇంగ్’ అని రాసి, మొదటిసారి పక్కన కుండలీకరణాల్లో ఙ్ చూపిస్తే చాలు. పలికేటప్పుడు చివరి ‘గ్’ను నొక్కకండి.