హెడ్ దించకుండా హెడ్ స్టడ్‌లు మార్చవచ్చా? నేను చేసి చూసినంతవరకు

అన్నా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పరకాల దగ్గర టిప్పర్ నడుపుతున్నారు, కమిన్స్ 5.9 లీటర్ల పాత 12 వాల్వుల ఇంజన్, పికప్ కోసం డీజిల్ పంపు సెట్టింగ్ పెంచారు. హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం), బ్లాక్ (సిలిండర్లు ఉండే కింది భాగం) కలిసే చోట ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. ఒక మెకానిక్ హెడ్ దించాల్సిందే అంటున్నాడు, ఇంకొకాయన దించకుండానే ఒక్కో బోల్టు తీసి దాని బదులు గట్టి స్టడ్‌లు (తల లేకుండా పైన నట్టుతో బిగించే కడ్డీలు) వేస్తే చాలు అంటున్నాడు. ఎవరి మాట వినాలని అడిగారు.

హెడ్ దించకుండా మార్చవచ్చు. కానీ లోపల గ్యాస్కెట్ (హెడ్‌కు, బ్లాక్‌కు మధ్య ఉండే పలుచటి ప్యాకింగ్) ఇంకా బాగున్న ఇంజన్‌కే ఆ పని పనికొస్తుంది. గ్యాస్కెట్ ఒకసారి లీక్ మొదలుపెట్టాక ఎంత గట్టి స్టడ్ వేసినా ఆగదు. నేను వరంగల్‌లో 22 ఏళ్లుగా డీజిల్ ఇంజన్ల పనే చేస్తున్నాను. ఇలా హెడ్ దించకుండా ఐదు బండ్లకు స్టడ్‌లు మార్చాను. నాలుగు బాగా నడిచాయి. ఐదోదానితో ఓనర్, నేను ఇద్దరం నష్టపోయాం. ముందు ఆ ఐదో బండి సంగతి చెబుతాను, మీకు ఎక్కువ పనికొచ్చేది అదే.

అది ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే బండి. సీజన్ మధ్యలో వచ్చింది, ఒక్క రోజు ఆగినా కిరాయి పోతుందని ఓనర్ టెన్షన్. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ మూత తీసి చూశాను. నీళ్లలోంచి సన్నటి బుడగలు ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి. మూత మళ్లీ పెట్టి చూస్తే, ఇంజన్ ఇంకా గోరువెచ్చగా కూడా కాలేదు, పై హోస్ మాత్రం చేత్తో నొక్కితే రాయిలా ఉంది. నాకు అప్పుడే తెలియాలి. పట్టు పెరిగితే ఆగుతుందిలే అనుకుని స్టడ్‌లు వేశాను. నిజంగానే బుడగలు ఆగాయి. పదకొండో రోజు ములుగు రోడ్డులో లోడు మీద బండి వేడెక్కి, తెల్లటి పొగ కక్కుతూ ఆగిపోయింది.

హెడ్ దించి చూస్తే మూడో సిలిండర్ చుట్టూ ఉండే గ్యాస్కెట్ ఇనుప రింగు నీళ్ల రంధ్రం వైపు కాలిపోయి, అగ్గిపుల్ల పట్టేంత దారి పడింది. వేలు పెట్టి రాస్తే బ్లాక్ మీద కూడా చిన్న గాడి తగిలింది. మొదటి రోజే హెడ్ దించి ఉంటే గ్యాస్కెట్, ఫేసింగ్ (జాయింట్ ముఖం చదును చేయించడం) ఖర్చుతో పోయేది. చివరికి ఇంజన్ మొత్తం దించి బ్లాక్ కూడా ఫేసింగ్ చేయించాల్సి వచ్చింది. మంట తినేసిన లోహాన్ని బోల్టు పట్టు తిరిగి నింపలేదు కదా. కొన్నాళ్లు నొక్కి పెడుతుంది, అంతే.

అందుకే అన్నా, పానా పట్టుకునే ముందు మీ చెమ్మ ఎక్కడిదో తేల్చుకోండి. ఈ ఇంజన్‌లో ఆరు సిలిండర్లకు ఆరు వేర్వేరు టాపెట్ మూతలు (హెడ్ పైన వాల్వులను కప్పి ఉంచేవి) ఉంటాయి. వాటి ప్యాకింగ్ గట్టిబడితే ఆయిల్ కారి సరిగ్గా హెడ్ జాయింట్ మీదే చేరుతుంది. చూసినవాళ్లు హెడ్ గ్యాస్కెట్ పోయిందనుకుంటారు. ఆ పక్కంతా డీజిల్‌తో కడిగి, పూర్తిగా ఆరాక, మొహానికి రాసుకునే పౌడర్ పలుచగా చల్లి ఒక ట్రిప్ వేసి రండి. పౌడర్ ఎక్కడ ముందు తడిస్తే లీక్ అక్కడిది. పై మూత దగ్గర మొదలైతే మీకు స్టడ్‌ల పనే లేదు, ప్యాకింగ్‌లు మారిస్తే సరిపోతుంది. జాయింట్ దగ్గరే మొదలైతే మాత్రం కంగారు పడాల్సిందే, ఎందుకంటే ఆ పక్క గ్యాస్కెట్ వదిలేసినట్టు లెక్క. దాంతోపాటు నేను పైన చెప్పిన బుడగల పరీక్ష చల్లటి ఇంజన్ మీద చేయండి. నీళ్లలో ఆయిల్ జిడ్డు ఉందా, డిప్ స్టిక్ మీద పాలరంగు ఉందా, నీళ్లు ఊరికే తగ్గుతున్నాయా చూడండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా హెడ్ దించండి, ఇక వేరే ఆలోచన వద్దు.

ఇవేవీ లేకుండా, పంపు పెంచారు కాబట్టి ముందు జాగ్రత్తగా స్టడ్‌లు వేసుకుందామనుకుంటే హెడ్ దించకుండా చేయవచ్చు. ఈ ఇంజన్‌లో ఆరు సిలిండర్లకూ ఒకటే హెడ్, దాన్ని పట్టుకునేవి 26 బోల్టులు. ఒకటి తీసినా మిగతా 25 హెడ్‌ను కదలనివ్వవు, గ్యాస్కెట్ నలిగిన చోటే ఉంటుంది. రెండు బోల్టులు ఒకేసారి తీశారో ఆ నమ్మకం పోతుంది. నాతో పనిచేసే కుర్రాడు పని త్వరగా అవుతుందని ఒకసారి నాలుగు వదులు చేసి పెట్టాడు. వాడిని అక్కడే ఆపి పాత బోల్టులే మళ్లీ బిగించి ఆ పని మానుకున్నాం.

స్టడ్ వల్ల లాభం ఏమిటో కూడా చెప్పాలి. ఈ ఇంజన్ బోర్ 102 మిల్లీమీటర్లు. లోపల ఒత్తిడి వంద బార్లని లెక్క వేసుకున్నా ఒక్కో సిలిండర్ హెడ్‌ను 8 టన్నులకు పైగా బలంతో పైకి తంతుంది. పంపు పెంచితే అది ఇంకా పెరుగుతుంది. బోల్టు బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో ఎక్కువ భాగం తల కింద రాపిడికి, మరల రాపిడికే పోతుంది, హెడ్‌ను నొక్కడానికి మిగిలేది పదో వంతు దాకానే. పైగా బోల్టు సాగుతూనే మెలి కూడా తిరుగుతుంది. స్టడ్ అయితే బ్లాక్‌లో కదలకుండా నిలబడుతుంది, పైన సన్నమరల మీద నట్టు మాత్రమే తిరుగుతుంది. మెలి తక్కువ, పట్టు అన్నిచోట్లా సమానం.

ఇక పని. ఇంజన్ రాత్రంతా చల్లబడాలి. నీళ్లు హెడ్ కిందికి దిగేదాకా వదలండి. మధ్య బోల్టుతో మొదలుపెట్టి, బిగించే వరుసలోనే బయటికి వెళ్లండి. బోల్టు తీయగానే పైన ఉన్న ఆయిల్ ఆ రంధ్రంలోకి జారుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే భయం ఇక్కడే. రంధ్రం అడుగున ఆయిల్ నిలిచి ఉండగా స్టడ్ దింపితే ఆ ఆయిల్‌కు పోయే దారి ఉండదు. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే పానా) టిక్‌మంటుంది, హెడ్‌కు మాత్రం పట్టు చేరదు. గట్టిగా తిప్పితే బ్లాక్ పగులుతుంది కూడా. గాలి కొడితే ఆ మురికి పక్కకు చిమ్మి వాల్వుల మీద పడుతుంది. నేను 50 మిల్లీలీటర్ల సిరంజికి సెలైన్ పైపు తగిలించి అడుగుదాకా దింపి లాగుతాను. మొదటిసారి నల్లటి ఆయిల్ వస్తుంది, రెండోసారి కొంచెం డీజిల్ పోసి లాగితే తుప్పు రజను వస్తుంది, మూడోసారికి తేటగా ఉంటుంది. చివరగా సన్నటి కర్రకు గుడ్డ చుట్టి దింపి తీసి, అది పొడిగా వస్తేనే ముందుకు వెళతాను. ఒక్కో రంధ్రానికి పది నిమిషాలు పడుతుంది. 26 రంధ్రాలకు ఎంతవుతుందో లెక్క వేసుకుని ఓనర్‌కు ముందే చెప్పండి. మరలు శుభ్రం చేయడానికి లోహం కోసే ట్యాప్ వాడకండి. పాత బోల్టుకే నిలువుగా గాట్లు పెట్టి తిప్పితే చాలు.

స్టడ్‌ను బ్లాక్‌లోకి చేత్తోనే తిప్పి ఆనేదాకా దింపండి. అక్కడ బిగించాల్సింది ఏమీ లేదు. వాషర్ రెండు పక్కలా, నట్టు మరలకు స్టడ్‌తో వచ్చిన గ్రీజే రాయండి. దానికి బదులు ఇంజన్ ఆయిల్ రాస్తే అదే టార్క్‌కు పట్టు తక్కువ వస్తుంది. చివరి అంకెకు ఒక మెట్టు కింద దాకా బిగించాకే పక్క బోల్టును ముట్టుకోండి. అన్నీ అయ్యాక వరుసగా చివరి అంకెకు తీసుకురండి.

ఆ చివరి అంకె ఎంత అంటే స్టడ్ పెట్టెలో వచ్చిన కాగితంలో ఉన్నదే. కంపెనీ బోల్టుల లెక్క వేరు. ఈ 12 వాల్వుల ఇంజన్‌కు మొదట అన్నిటికీ 90 న్యూటన్ మీటర్లు, అంటే మన గ్యారేజీ భాషలో తొమ్మిది కేజీలు. తర్వాత పొడవు బోల్టులకు 120. ఆపైన అన్నిటికీ ఇంకో 90 డిగ్రీల తిప్పు. ఆ తిప్పు బోల్టు సాగడానికి పెట్టింది. స్టడ్‌కు ఆ లెక్క వాడితే పాడవుతుంది. టార్క్ రెంచ్ లేకుండా పైపు తొడిగి అందాజుగా బిగించేవాళ్ల చేతికి ఈ పని ఇవ్వకండి.

పొడవు బోల్టులు రాకర్‌లను (వాల్వులను పైనుంచి నొక్కే చేతులను) కూడా పట్టుకుని ఉంటాయి. అవి తీసేముందు ఆ సిలిండర్‌ను కంప్రెషన్ టాప్‌కు, అంటే పిస్టన్ గాలిని నొక్కుతూ పై చివరకు వచ్చే చోటుకు తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు టాపెట్ స్క్రూలు వదులు చేయండి. పుష్ రాడ్‌లు (రాకర్‌లను కింది నుంచి నెట్టే కడ్డీలు) మళ్లీ కింద గుంటలో సరిగ్గా కూర్చున్నాయో లేదో చేత్తో తిప్పి చూసుకోండి. అన్నీ అయ్యాక టాపెట్ సెట్టింగ్ (రాకర్‌కు, వాల్వుకు మధ్య సందు సరిచేయడం) ఎలాగూ మళ్లీ చేయాలి: చల్లటి ఇంజన్ మీద ఇన్‌టేక్ 0.25, ఎగ్జాస్ట్ 0.50 మిల్లీమీటర్లు. మనవాళ్లు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన పది ఇరవై అంటారే, అదే. స్టడ్ పైకి ఎక్కువ పొడుచుకొస్తే టాపెట్ మూతకు తగులుతుంది. స్టడ్ మీద చపాతీ పిండి ముద్ద పెట్టి మూత ఒకసారి బిగించి తీసి చూస్తే ఎంత జాగా ఉందో తెలిసిపోతుంది. ఆరో సిలిండర్ వెనక బోల్టు పైకి లాగడానికి క్యాబిన్ రేకు అడ్డం వస్తుంది. మా బండిలో ఆ రేకు స్క్రూలు విప్పి కొంచెం వంచాల్సి వచ్చింది.

పాత బోల్టు తీసేటప్పుడు హెడ్ లోపల విరిగితే పని అక్కడే ఆపేయాలి. పైకి ముక్క మిగిలితే దానికి నట్టు వెల్డింగ్ చేసి తీయవచ్చు, లోతులో విరిగితే హెడ్ దించడం తప్ప దారి లేదు. ఈ మాట పని మొదలుపెట్టక ముందే మెకానిక్‌తో మాట్లాడుకోండి, మధ్యలో గొడవ ఉండదు.

స్టడ్‌ల విషయంలో డబ్బు మిగుల్చుకోవద్దు. లేత్ షాపులో మామూలు రాడ్ తీసుకుని మరలు కోయించిన స్టడ్‌లు నా దగ్గరికి వచ్చాయి. చూడటానికి తళతళలాడుతున్నాయి, నేను వేయనని తిరిగి పంపించాను. బోల్టు తల మీద 10.9 అని ఉంటే దాని బలం చదరపు మిల్లీమీటరుకు 1000 న్యూటన్లని, అందులో 90 శాతం దాకా సాగి తిరిగి వస్తుందని అర్థం. మామూలు రాడ్‌కు అందులో సగం కూడా ఉండదు. సాగిన స్టడ్ తిరిగి రాదు, పట్టు వదిలేస్తుంది.

స్టార్ట్ చేసి పూర్తిగా వేడెక్కనిచ్చి, రాత్రంతా చల్లబడ్డాక నేను ఇంకోసారి ఒక్కో నట్టు చూస్తాను. ఆ నాలుగు బండ్లలో ఒకటి మా బావది, కరీంనగర్ నుంచి గ్రానైట్ రాళ్లు తోలేది. దాని మీద రెండు నట్లు కొంచెం కదిలాయి, మిగతావి కదలలేదు.

పంపు మాత్రం వెనక్కి తగ్గించండి. మూడు ఇరుసుల బండికి బరువు పరిమితి 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు, నిజమే. మీ ఇంజన్ మాత్రం పాతదే. రేడియేటర్ లోపల పేరుకున్న మట్టి కడిగించి, ఫ్యాన్ బెల్టు, థర్మోస్టాట్ చూపించాకే స్టడ్‌ల సంగతి ఆలోచించండి. ముందు పౌడర్ పరీక్ష చేసి ఎక్కడ తడిసిందో చెప్పండి. జాయింట్ దగ్గరైతే ఏ సిలిండర్ పక్కనో కూడా రాయండి, దాన్నిబట్టి హెడ్ దించాక ఎక్కడ చూడాలో చెబుతాను.