వత్తుల దగ్గర ఆగిపోతున్నాడు

ముప్పై మూడేళ్లు మండల పరిషత్ బడుల్లో చిన్న తరగతులకు చెప్పాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల చదవడం గురించే. మొదటి ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. అదే బాధ చాలా ఇళ్లలో ఉందని నాకు తెలుసు.

ప్రశ్న: టీచరమ్మగారికి నమస్కారం. మాది చీరాల దగ్గర. మా ఆయన మగ్గం నేస్తారు, నేను కండెలు చుడతాను. ఐదో తరగతి దాకా చదివాను. మా బాబు గవర్నమెంటు బడిలో నాలుగో తరగతి. అ ఆలు, గుణింతాలు గడగడా చెబుతాడు. పుస్తకం తెరిస్తే మాత్రం వత్తు వచ్చిన ప్రతిచోటా ఆగిపోతాడు. 'భక్తి' అని ఉంటే 'భకిత' అంటాడు. వాళ్ల నాన్న కోప్పడితే పుస్తకం మూసేసి బయటికి పోతున్నాడు. ట్యూషన్ పెట్టించే స్తోమత లేదు. నాకొచ్చిన చదువుతో నేను చెప్పగలనా? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

జవాబు: అమ్మా, మీ బాబు మొద్దు కాదు. ముందు ఆ మాట మీరు నమ్మండి, తర్వాత వాళ్ల నాన్నకు చెప్పండి. 'భక్తి' అని ఒక కాగితం మీద పెద్దగా రాసి, పిల్లవాడి కళ్లతో చూడండి. పైన క, దాని మీద గుడి, కింద త వత్తు. పైనుంచి కిందికి చూసుకుంటూ పోతే ఎవరికైనా వచ్చేది 'కిత'యే. నోటితో పలికేటప్పుడు మాత్రం ముందు క్, తర్వాత త్, ఆఖరున ఇ. అంటే కన్ను పైకి, కిందికి, మళ్లీ పైనున్న గుడి మీదికి పోవాలి. మనం చిన్నప్పుడే అలవాటు పడిపోయి ఈ కష్టం మరిచిపోయాం. మీ బాబు కనిపించిన వరసలో నిజాయితీగా చదువుతున్నాడు.

ఇంకో చిక్కు ఉంది. గ, ద, చ లాంటి వాటి వత్తులు చూడగానే అసలు అక్షరం గుర్తొస్తుంది. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే కనిపించదు. పైగా మన మాటల్లో ఎక్కువగా వచ్చేవి అవే. కాబట్టి గుణింతాలు మళ్లీ వల్లె వేయించకండి, అవి వాడికి వచ్చు. వత్తును మాటలో చూపించండి. ఆ మాట కూడా వాడు రోజూ అనేదే కావాలి. అక్క, అత్త, అన్న, అమ్మ, నెయ్యి, బర్రె, పిల్లి, అవ్వ. ఈ ఎనిమిది మాటల్లో క, త, న, మ, య, ర, ల, వ, ఎనిమిది వత్తులూ వచ్చేశాయి చూడండి. మీ ఇంట్లో మగ్గం ఉండనే ఉంది, గ వత్తుకు అది చాలు. రోజుకు రెండు మాటలు పలక మీద రాయండి. పది రోజులయ్యాక పొద్దున తిన్నవాటి పేర్లు వాడి చేతే రాయించండి: అన్నం, పచ్చడి, మజ్జిగ. మీరు ఐదో తరగతి చదివానన్నారు. దీనికి ఆ చదువు సరిపోతుంది.

ఇలా ఒకే అక్షరం జంటగా వచ్చే మాటలు నోటికొచ్చాకే భక్తి, పుస్తకం, చంద్రుడు లాంటివి మొదలుపెట్టండి. అక్షరాలు చూపించే ముందు మాటను చెవికి వినిపించండి. 'భక్… తి' అని విరిచి వాడిచేత రెండుసార్లు అనిపించండి. 'తి' ఒక్క ముక్కగా పలుకుతోందని చెవికి తెలిశాక కాగితం చూపించి, గుడి పైనున్నా చదివేది త తోనే అని వేలితో చూపండి. నా తరగతిలో ఎక్కువమంది పిల్లలు ఇక్కడే దారిన పడేవారు.

ఇక చదివించడం. మీరు రాట్నం దగ్గర కూర్చున్నప్పుడు వాడిని పక్కన కూర్చోబెట్టుకోండి. మీ చేతులు కండెలు చుడుతూనే ఉంటాయి, చెవులు ఖాళీయే కదా. పావుగంట చదవమనండి. ఎక్కడైనా ఆగితే మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే ఆ మాట మీరే చెప్పేయండి. 'కూడబలుక్కో, కూడబలుక్కో' అని అక్కడే నిలబెడితే వెనక చదివిందంతా మరిచిపోతాడు, కథ చచ్చిపోతుంది. తప్పు చదివినా అర్థం చెడకపోతే పోనివ్వండి. ఒకే కథ మూడు రోజులు చదివితే నష్టం లేదు. మూడో రోజు వాడి గొంతులో తేడా మీకే వినిపిస్తుంది.

మీ ఉత్తరం చదువుతుంటే నా మూడో తరగతిలో ఒక అమ్మాయి గుర్తొచ్చింది. వాళ్లమ్మ నాట్లకు, కలుపులకు పోయేది, అక్షరం రాదు. 'తప్పు చదివినా నాకు తెలియదు టీచరుగారూ' అంది. తెలియకపోయినా ఫరవాలేదు, విని ఏదో ఒకటి అడుగు అన్నాను. కొంగ, చేపల కథ చదివిన మర్నాడు ఆ పిల్ల బడికొచ్చి, 'టీచర్, అది ఏ కొంగ? తెల్లదా, బూడిద రంగుదా? మా అమ్మ అడుగుతోంది' అంది. పుస్తకంలో ఆ ముక్క లేదు. ఇద్దరం బొమ్మలో వెతికాం. ఆ తల్లి రోజూ పొలంలో కొంగల్ని చూసే మనిషి, ఆమెకు అది నిజమైన ప్రశ్న. ఆ తర్వాత ఆ పిల్ల ప్రతి కథా అమ్మ అడగబోయే ప్రశ్న వెతుక్కుంటూ చదివేది. ఏడాది తిరిగేసరికి తరగతిలో అందరికంటే బాగా చదివింది. ఆ తల్లి చేసినంత పని నేను చేయలేదు.

వాళ్ల నాన్నను కూడా కలుపుకోండి. కోప్పడటం మాని, మగ్గం మీద ఉన్నప్పుడు ఒక్క పేజీ వింటే చాలు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి లెక్కలు, పరిసరాల విజ్ఞానం పుస్తకాలు ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషుతో వస్తున్నాయి. ఇంగ్లీషు మీడియం అని భయపడకండి, ఆ తెలుగు పేజీ మీరూ చదవగలరు.

రెండు మూడు నెలలు ఇలా చేసినా కదలిక లేకపోతే ముందు కళ్లు, చెవులు చూపించండి. బోర్డు కనపడక వెనకబడిన పిల్లల్ని చాలామందిని చూశాను. అవి బాగానే ఉన్నా అక్షరాలు తారుమారు అవుతూనే ఉంటే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీ మండలంలో ఉండే భవిత కేంద్రం గురించి బడిలో అడగండి. చదవడంలో వచ్చే ఇలాంటి ఇబ్బందిని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది. అలాంటి పిల్లలకు నేర్పే పద్ధతి వేరే ఉంటుంది. సిగ్గుపడాల్సిన విషయం కానే కాదు.

ప్రశ్న: మేడమ్, 2024 ఆగస్టులో మా అబ్బాయి చదివే ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీకి సభ్యుడిగా ఎన్నికయ్యాను. ఫోన్ చేసి సంతకానికి రమ్మంటారు, పెట్టి వస్తాను. అంతే. బడిలో ఒక బీరువా నిండా కథల పుస్తకాలున్నాయి, ఎప్పుడూ తాళమే. అడిగితే 'పిల్లలు చింపేస్తారు' అంటున్నారు. గట్టిగా మాట్లాడితే మా వాడి మీద పడుతుందేమోనని వెనకాడుతున్నాను. (ఒక తండ్రి, పాలకొల్లు ప్రాంతం)

జవాబు: బాబూ, ఆ తాళం సంగతి నాకు బాగా తెలుసు. నేనూ నాలుగేళ్లు బీరువాకు తాళం వేసి ఉంచాను. స్టాకు రిజిస్టరులో ఎన్ని పుస్తకాలు రాసి ఉన్నాయో అన్నీ లెక్కకు రావాలి, తగ్గితే నా మెడకు చుట్టుకుంటుందని భయం. ఆ నాలుగేళ్లలో నా చేతుల మీదుగా ఐదో తరగతి దాటిపోయిన పిల్లలకు ఆ పుస్తకాలు అందలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కాబట్టి మీ హెడ్మాస్టరుగారికి కూడా ఆ భయమే ఉందేమో ముందు కనుక్కోండి. పోట్లాటగా మొదలుపెట్టకండి.

మేం దాన్నుంచి ఎలా బయటపడ్డామో చెబుతాను. కమిటీ సమావేశం పెట్టి, 'పిల్లలు చదవడం వల్ల నలిగిన, చిరిగిన పుస్తకాలకు ఏ టీచరునూ బాధ్యులను చేయం' అని తీర్మానాల పుస్తకంలో రాశాం, తల్లిదండ్రులందరూ సంతకాలు చేశారు. ఆ కాగితం చేతికొచ్చిన రోజే తాళం తీశాను. తరగతి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు దండెం కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీశాం. పిల్లల చేతికి అందే ఎత్తులో కట్టాలి సుమా, అది ముఖ్యం. పేరు, పుస్తకం, తీసుకున్న తేదీ రాసే నోటుబుక్కు ఇద్దరు ఐదో తరగతి పిల్లలకు అప్పజెప్పాం. ఏడాదిలో చిరిగినవి ఉన్నాయి, పోయినవి కొన్నే. చిరిగిన వాటికి ఒక తల్లి వచ్చి గోధుమ రంగు టేపు అంటించేది.

మీ హక్కు కూడా తెలుసుకోండి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. బడి పనితీరు చూడడం, బడికొచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో చూడడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం కమిటీ పనులని చట్టమే చెప్పింది. ఇంత పని ఉన్న కమిటీలో మీది ఒట్టి సంతకం ఎలా అవుతుంది? సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద లైబ్రరీ పుస్తకాలకు బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా ఇచ్చే పద్ధతి ఉంది. ఈ ఏడాది మన బడికి ఎంత వచ్చింది, ఏ పుస్తకాలు కొన్నారు అని సమావేశంలో మర్యాదగా అడగండి. అడిగిన మాట, వచ్చిన జవాబు రెండూ తీర్మానాల పుస్తకంలో రాయించి, చదివాకే సంతకం పెట్టండి.

ఒంటరిగా వెళ్లకండి. కమిటీలో ప్రతి తరగతి నుంచి ముగ్గురు తల్లిదండ్రులున్నారు కదా, నలుగురైదుగురు కలిసి వెళితే 'మా వాడి మీద పడుతుందేమో' అన్న భయం ఉండదు. చేయగలిగింది కూడా చేతిలో పెట్టుకుని వెళ్లండి. 'శనివారం ఆఖరి పీరియడు ఇద్దరం వచ్చి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే పని చూసుకుంటాం' అనండి. సాయం చేస్తానంటూ వచ్చిన తల్లిదండ్రుల్ని నా సర్వీసులో నేనైతే వెనక్కి పంపలేదు.

2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతటా మెగా పేరెంట్-టీచర్ మీటింగులు జరిగాయి. ముగ్గులు, ఆటలు, భోజనాలు అన్నీ బాగున్నాయి, తల్లులు బడి లోపలికి వచ్చారు, అది నాకు ఎంతో సంతోషం. మళ్లీ అలాంటి రోజు వస్తే మార్కులతో పాటు 'మా వాడు ఈ నెల ఏ కథ చదివాడు?' అని కూడా అందరూ అడగాలని నా కోరిక.

ప్రశ్న: మేము హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటాం. పాప రెండో తరగతి, ఇంగ్లీషు కథలు చదువుతుంది కానీ తెలుగు పుస్తకం ముట్టుకోదు. బలవంతం చేయాలా?

జవాబు: వద్దమ్మా. తెలంగాణలో 2018 చట్టంతో అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది కాబట్టి అక్షరాలు బడిలో ఎలాగూ వస్తాయి. ఇష్టం మాత్రం ఇంట్లోనే రావాలి. రాత్రి పడుకునే ముందు మీరే పది నిమిషాలు తెలుగు కథ చదివి వినిపించండి, పాపను చదవమని అడగనే అడగకండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, మొదటి స్థాయివి పేజీకి ఒకటి రెండు వాక్యాలే. చేతికి పుస్తకమే కావాలంటే సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లవి తక్కువ ధరకే వస్తాయి. అమ్మమ్మో నానమ్మో ఉంటే వాళ్ల ఊరి కథలు చెప్పించండి. చెవికి తెలిసిన మాట కంటికి త్వరగా దొరుకుతుంది.

ప్రశ్న: రిటైరయ్యాక ఊళ్లోనే ఉంటున్నాను. మాది కొల్లూరు వైపు. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంది, పేపరు చదివే పెద్దవాళ్లు తప్ప పిల్లలెవరూ రారు. ఏమైనా చేయవచ్చా?

జవాబు: కొల్లూరు పేరు చూడగానే ప్రాణం లేచొచ్చిందండీ. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణంగారు, ఆయన మిత్రులు పడవలో పుస్తకాలు పెట్టుకుని మీ కొల్లూరుకూ పెదవడ్లపూడికీ మధ్య కాలువ మీద ఊరూరా తిరిగారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో పుస్తకమే మనిషి దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు మీ ఊళ్లో కదలకుండా ఒక గ్రంథాలయం ఉంది, పిల్లలు నడిచి వెళ్లేంత దూరంలో బడీ ఉంది. రెండింటికీ మధ్య తీసుకెళ్లే పెద్దమనిషి ఒకరు కావాలి. ఆ పని మీరు చేయండి.

ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మనందరం కడుతున్నాం, కాబట్టి పిల్లల పుస్తకాలు తెప్పించమని లైబ్రేరియన్‌గారిని అడగడానికి మొహమాటం అక్కరలేదు. బడి వదిలే వేళకు తెరిచి ఉంటుందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే వారంలో ఒక్క రోజైనా ఆ గంట సర్దమని జిల్లా గ్రంథాలయ సంస్థకు ఉత్తరం రాయండి. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల దాకా ఆగకండి. వచ్చే వారమే హెడ్మాస్టరుగారితో మాట్లాడి, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని ఓ పదిమందిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఏం చదవాలో మీరు చెప్పకండి, అల్మరాల మధ్య వాళ్లనే తిరగనివ్వండి. ఎవరు ముందు ఏ పుస్తకం తీశారో చూసి నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.