అమ్మలూ, బ్యాటరీ ఆఖర్న కొనుక్కో

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ ఇంటి సోలారుకి బ్యాటరీ తగిలించడానికి నువ్వు తెప్పించి పంపిన రెండు కొటేషన్లూ చదివాను. రెండింట్లోనూ బ్యాటరీ గొప్పతనం గురించి పేజీలకు పేజీలు రాశారు. అది మీ ఇంటి వైరింగులో ఎక్కడ కలుస్తుందో, ఎలా కలుస్తుందో మాత్రం ఒక్క ముక్క లేదు. జీవితమంతా ఇళ్లకి వైరింగు చేస్తూ, చేయిస్తూ గడిపినవాణ్ణి కదా, నా కళ్లు ముందు ఆ ముక్క కోసమే వెతుకుతాయి. వాళ్లు చూపించిన బ్యాటరీ డబ్బా మంచిదే అయ్యుండొచ్చు. కానీ ఉన్న సోలారుకి తర్వాత బ్యాటరీ తగిలించిన ఇళ్లల్లో నేను చూసిన తగువులు చాలావరకు డబ్బాలో పుట్టినవి కావు. ఇన్వర్టరు దగ్గర, డీబీ దగ్గర, న్యూట్రల్ దగ్గర పుట్టినవి. ఇన్వర్టరంటే ప్యానెళ్ల, బ్యాటరీల డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చేది, డీబీ అంటే ఫ్యూజులూ స్విచ్చులూ ఉండే పెట్టె, న్యూట్రల్ అంటే కరెంటు తిరిగిపోయే వైరు. కాబట్టి ముందు మిగతావన్నీ తేల్చు. బ్యాటరీ ఏ కంపెనీదన్నది ఆఖర్న చూసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు నువ్వూ అల్లుడుగారూ కూర్చుని ఒక మాట అనుకోండి. ఇది కరెంటు పోయినప్పుడు ఇల్లు నడవడానికా, బిల్లు తగ్గడానికా? రెండూ అంటావని తెలుసు. కానీ ఈ రెంటి లెక్కలు వేరు. ఏది ముఖ్యమో తేలకపోతే అమ్మేవాడు తనకి నచ్చింది అంటగడతాడు.

బిల్లు సంగతి త్వరగా తేలిపోతుంది. మీ నెట్ మీటరింగ్ ఒప్పందం, అంటే మిగిలిన సోలార్ కరెంటు బయటికి పంపినందుకు లెక్క కట్టే కాగితం, తీసి చూడు. పగలు మీరు బయటికి పంపిన యూనిట్‌కి, రాత్రి మీరు వాడుకున్న యూనిట్‌కి ఒకటే లెక్క కడుతుంటే, కరెంటు కంపెనీయే మీకు బ్యాటరీ పని చేసిపెడుతోందన్నమాట, అదీ నష్టం లేకుండా. అదే యూనిట్‌ని ఇంట్లో బ్యాటరీలో పెట్టి తీస్తే నూటికి పది, పదిహేను పాళ్లు దారిలోనే పోతుంది. అలాంటప్పుడు బిల్లు కోసం బ్యాటరీ పెట్టడం దండగ. పంపిన యూనిట్‌కి చాలా తక్కువ కడుతున్నా, సాయంత్రం వేళ రేటు ఎక్కువగా ఉన్నా, అసలు బయటికి పంపనివ్వకపోయినా అప్పుడు బ్యాటరీకి అర్థముంది. ఒప్పందం ఎన్నాళ్లుంటుందో కూడా చూడు. బ్యాటరీ పెడుతున్నామని కంపెనీకి తెలియజేయాలో లేదో ఆ కాగితాల్లోనే ఉంటుంది.

ఇక కరెంటు పోయినప్పటి సంగతి. నువ్వు రాసిన ఫిర్యాదు చదివి నవ్వొచ్చింది: మిట్టమధ్యాహ్నం నెత్తిన ఎండ మండుతుంటే, మీద ప్యానెళ్లు పరుచుకుని ఉంటే, ఇంట్లో ఫ్యాను తిరగలేదని. పాడైపోయింది కాదమ్మా, అది దాని ధర్మం. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు బయటి లైను చూసుకుని దానితో అడుగు కలిపి నడుస్తుంది. లైను చచ్చిపోగానే అదీ ఆగిపోవాలి. లేకపోతే లైను మీద కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కినవాడికి మీ ఇంటి నుంచి వెళ్లిన కరెంటు కొడుతుంది. కాబట్టి నీకు కావలసింది ఒట్టి బ్యాటరీ కాదు. లైను పోగానే ఇంటిని బయటి లైను నుంచి విడదీసి, తనే కొత్తగా వోల్టేజీని, ఫ్రీక్వెన్సీని (ఏసీ కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క) నిలబెట్టగల ఇన్వర్టరు కావాలి. బ్యాటరీ ఉండి కూడా బ్యాకప్ లేని సిస్టమ్‌లు బోలెడున్నాయి. నీ రెండో కొటేషన్‌లో ఉన్నది అలాంటిదేమోనని నా అనుమానం. బ్యాకప్ అవుట్‌పుట్ ఉందా అని సూటిగా అడుగు, జవాబు రాతలో తీసుకో.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, పాత ఇన్వర్టరు తీసేసి, ప్యానెళ్లనీ బ్యాటరీనీ ఒక్కటే చూసుకునే హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టడం. ప్యానెళ్ల కరెంటు డీసీగానే బ్యాటరీలోకి పోతుంది, నష్టం తక్కువ, చూసుకోవలసింది ఒక్క మెషీనే. రెండోది, పాతదాన్ని అలాగే ఉంచి, ఏసీ వైపున బ్యాటరీకి వేరే ఇన్వర్టరు పెట్టడం. దీన్నే ఏసీ కప్లింగ్ అంటారు. ఒక్కో ప్యానెల్ కింద ఒక్కో చిన్న ఇన్వర్టరు, అంటే మైక్రోఇన్వర్టరు, ఉన్నవాళ్లకి ఈ రెండోదే దారి. మీది ప్యానెళ్లన్నిటికీ కలిపి ఒక్కటే ఉండే స్ట్రింగ్ ఇన్వర్టరు కాబట్టి రెండూ కుదురుతాయి. పాతది వారంటీలో ఇంకా చాలాకాలం ఉంటే ఏసీ కప్లింగ్‌కి వెళ్లు, వారంటీ అయిపోవస్తుంటే హైబ్రిడ్‌కి మారు. నేనైతే అలాగే చేస్తాను.

ఏసీ కప్లింగ్‌లో ఒక చిక్కు ఉంది, అది అమ్మేవాళ్లు చెప్పరు. లైను పోయింది, బ్యాటరీ నిండుగా ఉంది, ఎండ దంచేస్తోంది. వస్తున్న కరెంటు ఎక్కడికి పోవాలి? అప్పుడు బ్యాటరీ ఇన్వర్టరు ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ పైకి కొద్దిగా జరుపుతుంది. అది చూసి సోలార్ ఇన్వర్టరు తగ్గాలి, లేదా ఆగాలి. పాత ఇన్వర్టరుకి ఈ సైగ అర్థమవుతుందా లేదా అన్నది రెండు కంపెనీల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాల్సిన విషయం. సోలార్ ఇన్వర్టరు కిలోవాట్లు బ్యాటరీ ఇన్వర్టరు కిలోవాట్లని మించకుండా కూడా చూసుకో.

ఇప్పుడు ఎంత బ్యాటరీ అన్నదానికి వద్దాం. ఇల్లంతా బ్యాకప్ మీద పెట్టమని మీ బావ చెప్పాడని అలా పెట్టకు. కరెంటు లేని రాత్రి నిజంగా కావలసినవేవో కాగితం మీద రాయి. ఫ్రిజ్జు రోజుకి ఒకటిన్నర యూనిట్ లాగుతుందనుకుందాం, రాత్రి పన్నెండు గంటలకి ముప్పావు యూనిట్. పాత రకం ఫ్యాను 75 వాట్లు. మూడు ఫ్యాన్లు పది గంటలు తిరిగితే రెండుంబావు యూనిట్లు. అవే తక్కువ కరెంటు తినే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 30 వాట్లు చొప్పున ఒక్క యూనిట్ కూడా దాటదు. ఆరు ఎల్‌ఈడీ బల్బులు, వైఫై, కాసేపు టీవీ అన్నీ కలిపి ముప్పావుకి కాస్త పైన, అంటే 0.8 యూనిట్. ఇంకొకటి చాలామంది మర్చిపోతారు: ఇన్వర్టరు తన ఒంటికోసం తినే కరెంటు. 50 వాట్లనుకున్నా పన్నెండు గంటలకి 0.6 యూనిట్. పాత ఫ్యాన్లతో కలిపితే నాలుగున్నరకి కాస్త తక్కువ, కొత్త ఫ్యాన్లతో మూడు.

బజార్లో మామూలుగా దొరికే 51.2 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల డబ్బా అంటే, రెంటినీ గుణిస్తే 5,120 వాట్ అవర్లు, అంటే 5.12 యూనిట్లు. పది శాతం అడుగున వదిలేసి, ఇన్వర్టరులో పోయేది తీసేస్తే చేతికొచ్చేది నాలుగుంబావు, నాలుగున్నర మధ్య. అంటే పాత ఫ్యాన్లతో బొటాబొటి, కొత్త ఫ్యాన్లతో హాయి. రెండో డబ్బా కొనేకంటే మూడు ఫ్యాన్లు మార్చుకోవడం చవక కదా. ఏసీ ఒక్కటి రాత్రంతా వేస్తే అదొక్కటే ఈ డబ్బా మొత్తం మింగేస్తుంది. ఏసీ కావాలంటే కావాలి, తప్పేం లేదు, కానీ ఆ ఒక్క కోరికకే బ్యాటరీ రెట్టింపవుతుందని తెలిసి కోరుకో.

యూనిట్లు సరిపోతే చాలదు, ఒక్కసారిగా ఎన్ని కిలోవాట్లు ఇవ్వగలదన్నది ఇంకో లెక్క. నీ మొదటి కొటేషన్‌లో 5 కిలోవాట్ల ఇన్వర్టరు, ఒక్క డబ్బా రాశాడు. ఆ డబ్బా స్పెసిఫికేషన్ తీసి చూశాను, ఆగకుండా ఇవ్వగలిగేది 50 ఆంపియర్లు. 51.2 వోల్టులతో గుణించు, రెండున్నర కిలోవాట్లు! ఇన్వర్టరు మీద ఐదని రాసి ఉన్నా వెనక రెండున్నరే ఉంది. ఇంట్లో మోటారు ఉంటే ఇంకా జాగ్రత్త. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, కానీ మామూలు మోటారు స్టార్టయ్యే క్షణంలో నడిచే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. మోటారుని బ్యాకప్‌లో పెట్టకు. ట్యాంకు పగలు నింపుకో.

రకం గురించి ఎక్కువ ఆలోచించకు. లెడ్ యాసిడ్ బ్యాటరీ 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనిపెట్టింది, ఇప్పటికీ నమ్మకంగా పనిచేస్తుంది. కానీ సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరుగుతుంది, డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి గాలి ఆడాలి. రోజూ నింపి రోజూ ఖాళీ చేసే పనికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అదే ఎల్‌ఎఫ్‌పీ తీసుకో. వేలసార్లు నింపి వాడుకోవచ్చు, మిగతా లిథియం రకాలకంటే వేడికి తట్టుకుంటుంది. డబ్బా మీద ఐఈసీ 62619 అనే భద్రతా సర్టిఫికెట్ ఉందేమో చూడు. డబ్బాలోని సెల్స్‌ని కాపలా కాసే బీఎంఎస్ సర్క్యూటు, నీ ఇన్వర్టరు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయా అన్నది ఇన్వర్టరు కంపెనీ ఇచ్చే జాబితాలో ఉంటుంది. ఆ జాబితాలో లేని బ్యాటరీ ఎంత చవకైనా వద్దు.

ఎల్‌ఎఫ్‌పీకి ఒక గుణముంది. నిండుగా ఉన్నా, పావు వంతే ఉన్నా దాని వోల్టేజీ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అందుకని ఫోన్లో కనిపించే శాతం నిజానికి వచ్చిపోయిన కరెంటుని లెక్కగట్టి చెప్పేది, రోజులు గడిచేకొద్దీ అది తప్పుతుంది. నలభై శాతం చూపిస్తూ హఠాత్తుగా ఆరిపోయిందని జనం గోలపెట్టేది అందుకే. అప్పుడప్పుడూ పూర్తిగా నూరు శాతం నిండనివ్వు. లెక్కా సరిపడుతుంది, లోపలి సెల్స్ కూడా ఒకదానితో ఒకటి సమానమవుతాయి.

ఎక్కడ పెట్టాలని అడిగావు. ఎండ తగలని, వాన తడవని, గాలి ఆడే గోడ. మేడ మీద షెడ్డులో వద్దు, ఆ వేడికి ఏళ్లు తరిగిపోతాయి. పడగ్గదిలోనూ వద్దు, మెట్ల కిందా వద్దు. ఎప్పుడో ఏదో అయితే బయటికి పరిగెత్తాల్సింది ఆ దారినే. ఇన్వర్టరుకి దగ్గరగా ఉండాలి, ఎందుకంటే 5 కిలోవాట్లు లాగితే ఆ కేబుల్‌లో దాదాపు వంద ఆంపియర్లు పారుతుంది. కేబుల్ సన్నదైనా, దాని కొసన ఉండే లోహపు లగ్గుని సరిగ్గా క్రింప్ చేయకపోయినా, అంటే నొక్కి పట్టించకపోయినా, బోల్టు వదులైనా అక్కడే కాలుతుంది. కంపెనీ చెప్పిన బిగువుకి టార్క్ రెంచితో బిగించమను, కొన్ని నెలలయ్యాక మళ్లీ వచ్చి చూడమను. బ్యాటరీ పక్కనే డీసీకి తగ్గ ఫ్యూజు ఉండాలి. ఏసీ కరెంటుకి వాడే ఎంసీబీ స్విచ్చు పెట్టి సరిపెడతానంటే ఒప్పుకోకు, డీసీ ఆర్కుని, అంటే తెగేచోట లేచే మెరుపుని, అది ఆపలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే పట్టింపైన సంగతి. బ్యాకప్ లోడ్లకి వేరే డీబీ వేయాలి, వాటి న్యూట్రల్ కూడా వేరుగా రావాలి. పాత ఇళ్లల్లో ఒక గది ఫేజుకి, అంటే కరెంటు వచ్చే వైరుకి, పక్క గది న్యూట్రల్ వాడేసి ఉంటారు. లైను ఉన్నంతకాలం ఎవరికీ తెలియదు. బ్యాకప్‌లోకి మారగానే లైట్లు వెలగవు, లేదా కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు, అదే ఆర్‌సీసీబీ, ఊరికే ట్రిప్ అవుతుంది, బ్యాటరీ వాడు వైరింగు వాణ్ణి, వైరింగు వాడు బ్యాటరీ వాణ్ణి తిడతాడు. ఇంకోటి. బయటి లైను నుంచి విడిపోయినప్పుడు ఇన్వర్టరు వైపు న్యూట్రల్‌కి ఎర్తుతో కలయిక ఉందా లేదా చూడాలి. అది లేకపోతే షాక్ కొట్టినప్పుడు ఆర్‌సీసీబీ పడదు. కొన్ని ఇన్వర్టర్లలో దీన్ని కలిపే రిలే స్విచ్చు లోపలే ఉంటుంది, కొన్నిటికి బయట పెట్టాలి. ఈ ప్రశ్న అడిగినప్పుడు తడబడకుండా జవాబు చెప్పినవాడికే పని ఇవ్వు. నేనైతే ధర తర్వాతే చూస్తాను.

పని అయిపోయిన రోజు వాళ్లు వెళ్లేముందు మెయిన్ స్విచ్ నువ్వే ఆపు. ఫ్రిజ్జు ఆన్ చేసి చూడు. బ్యాటరీ నిండుగా ఉండి ఎండ ఉన్నప్పుడు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. బ్యాకప్‌లో ఉండగానే ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతుందో లేదో ఆర్‌సీసీబీని పరీక్షించే టెస్టరుతో చూపించమను. యాప్ లాగిన్ నీ పేరున ఉండాలి. కరెంటు తరచూ పోయే రోజుల్లో కనీసం సగం ఎప్పుడూ మిగిలి ఉండేలా రిజర్వ్ పెట్టుకో. వారంటీలో పదేళ్లని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కింద ఇన్ని సైకిళ్లు (ఇన్నిసార్లు నింపి ఖాళీ చేయడం), లేదా ఇన్ని యూనిట్లు, ఏది ముందైతే అది అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదువు. తర్వాత డబ్బాలు కలుపుకునే ఉద్దేశముంటే అదే మోడల్ ఎన్నాళ్లు దొరుకుతుందో అడుగు. పాతవీ కొత్తవీ ఎలా పడితే అలా కలిపితే పాతదే కొత్తదాన్ని వెనక్కి లాగుతుంది.

ఈ లోపు నాకు మూడు ఫోటోలు కావాలి. పాత ఇన్వర్టరు పక్కన అంటించిన లేబుల్, మీటరు దగ్గరి ఎర్తు, మూత తీసిన డీబీ. మూత నువ్వు తీయకు, ఎలక్ట్రీషియన్ చేత తీయించు. న్యూట్రల్ వైర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేలా దగ్గర్నుంచి తీయి. అవి చూశాక ఏ కొటేషన్‌లో ఏం మార్పించాలో రాస్తాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు.

మీ పెదనాన్న