ఓడ దిగేముందే ఎక్కే టైమ్ చూసుకో

బ్రాడీపేట, గుంటూరు

అమ్మడూ,

మీ ఓడ ప్రయాణంలో చూడాలనుకున్న చోట్లంటూ నిన్న ఫోన్‌లో నువ్వు చదివిన లిస్టు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పెనాంగ్‌లో 9 చోట్లు, ఫుకెట్‌లో 7. ఓడ ఒక్కో ఊళ్లో ఆగేది ఒక్క పగలు. నీ వెంట అల్లుడుగారు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో వదినగారు. ఫోన్‌లో చెబితే పిల్లల గోలలో సగం పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. సింగపూర్ నుంచి ఇదే దారిలో మేము రెండుసార్లు వెళ్లొచ్చాం. మొదటిసారి మేము పడ్డ కంగారు మీరు పడకూడదు.

ఓడవాళ్లు అమ్మే టూర్లు వద్దు, సొంతంగా తిరుగుదాం అనుకున్నారు. మంచి ఆలోచనే. అయిదుగురికి ఆ టిక్కెట్లంటే మాటలు కాదు. పైగా జెండా పట్టుకున్న మనిషి వెనకాల నలభై మందితో పరుగులు పెట్టడం వదినగారివల్ల కాదు. అయితే ఒక్క తేడా బాగా గుర్తుపెట్టుకో. ఓడవాళ్ల టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ దానికోసం ఆగుతుంది. మీ టాక్సీ ఆలస్యమైతే ఆగదు.

అందుకే ప్లాన్ చివరి నుంచి వెయ్యి. విజయవాడ వెళ్లి రైలెక్కాలంటే మనం ఏం చేస్తాం? దూరం 35 కిలోమీటర్లే. అయినా రైలు టైమ్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటాం. స్టేషన్లో అరగంట, వారధి మీద ట్రాఫిక్ ఉంటే ఇంకో అరగంట, మంగళగిరి దగ్గర ఎందుకైనా మంచిదని ఇంకొంచెం. ఇదీ అంతే. మీ కాగితంలో పెనాంగ్ 9 నుంచి 5 అని ఉందన్నావు. చూడటానికి 8 గంటలు. కానీ 9కి ఓడ రేవుకి వస్తుందేగానీ, ఆ ఊరి అధికారులు సరేనన్నాకే తలుపు తీస్తారు. లిఫ్టుల దగ్గర జనం, ఇమిగ్రేషన్ లైను దాటి రోడ్డు మీద కాలు పెట్టేసరికి 10 అనుకో. సాయంత్రం 5 అంటే ఓడ కదిలే టైమ్. అందరూ లోపల ఉండాల్సిన టైమ్ వేరే ఉంటుంది, దాన్ని ఆల్ అబోర్డ్ అంటారు. అరగంట ముందు కావచ్చు, గంట ముందు కావచ్చు. ముందు రోజు రాత్రి గదిలో పెట్టే కాగితంలోనో, ఓడవాళ్ల యాప్‌లోనో ఉంటుంది. నాలుగున్నర అనుకుంటే, మీరు మూడుంపావుకల్లా రేవు గేటు దగ్గర ఉండాలి. భోజనాలకీ బాత్రూములకీ గంట తీసెయ్యి. మీ చేతిలో మిగిలేది 4 గంటల చిల్లర. ఆ 9 చోట్లలో ఏది ఉంచాలో, ఏది కొట్టెయ్యాలో ఇప్పుడు చూడు.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. గడియారం.

సింగపూర్, పెనాంగ్ ఉన్న మలేసియా ఒకే టైమ్. ఫుకెట్ ఉన్న థాయ్‌లాండ్ ఒక గంట వెనక. కొన్ని ఓడలు ఆ ఊరి ప్రకారం గడియారం మారుస్తాయి, కొన్ని సింగపూర్ టైమ్ మీదే నడుస్తాయి. మా ఓడ మార్చలేదు. ఫోన్ మాత్రం ఒడ్డు చేరగానే తనంతట తనే మారిపోయింది. ఫుకెట్‌లో పటాంగ్ అనే బీచ్‌లో కొబ్బరి బొండాం తాగుతూ కూర్చున్నాం. ఫోన్ చూస్తే 3.05. ఓడకి తీసుకెళ్లే చివరి పడవ నాలుగున్నరకి. ఇంకా బోలెడు టైమ్ ఉందని నేను చెప్పులు కూడా విప్పేశాను. మీ పెదనాన్న చేతికి ఆయన పాత హెచ్‌ఎంటీ వాచీ ఉంది. స్ట్రా నోట్లో ఉండగానే ఒకసారి వాచీ వంక, ఒకసారి నా ఫోన్ వంక చూసి, బొండాం ఇసకలో పెట్టి లేచారు. వాచీలో 4.05. ఆ కాలే ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని ఎలా నడిచానో నాకే తెలుసు. పడవ ఎక్కాక అరగంట దాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

కాబట్టి ఓడ దిగేచోట ఉండే సిబ్బందిని అడుగు, ఇవాళ ఓడ టైమ్ ఎంత అని. మీలో ఒకరి చేతికి మామూలు ముళ్ల వాచీ పెట్టి ఆ టైమ్‌కి తిప్పు. ఆ రోజంతా ఆ వాచీదే మాట.

పెనాంగ్‌లో మీకు పెద్ద సుఖం ఏంటంటే, ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ ఊళ్లోనే ఉంది. అన్ని రేవులూ అలా ఉండవు. ఓడ కాగితంలో రోమ్ అని రాస్తారు, ఆగేది చివితావెక్కియాలో, రోమ్‌కి దాదాపు 80 కిలోమీటర్ల దూరాన. విజయవాడ అని చెప్పి మచిలీపట్నంలో దించినట్టు. ముందుముందు ఇంకెక్కడికైనా వెళ్తే ఊరి పేరు కాదు, రేవు పేరు మ్యాప్‌లో పెట్టి చూడు.

పెనాంగ్‌లో బయటికి రాగానే తెల్లటి గడియార స్తంభం కనిపిస్తుంది. విక్టోరియా రాణి 60 ఏళ్ల పాలనకి గుర్తుగా, ఏడాదికో అడుగు లెక్కన 60 అడుగులు కట్టారు. తప్పిపోతే అందరూ వచ్చి నిలబడాల్సిన చోటు అదేనని పిల్లలకి ముందే చూపించు. దాని పక్కనే ఫోర్ట్ కార్న్‌వాలిస్. సోషల్ చెప్పినదాన్ని కదా, అక్కడ నాకు కాళ్లు కదల్లేదు. ఆ కోట ఎవరి పేరు మీద ఉందో ఆ కార్న్‌వాలిస్ గవర్నర్ జనరల్‌గా ఉండగానే, 1788లో, మన గుంటూరు సర్కారు ప్రాంతం నిజాం చేతిలోంచి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. అంతకి రెండేళ్ల ముందే పెనాంగ్‌లో కంపెనీ జెండా ఎగరేశారు. బంగాళాఖాతానికి ఈ ఒడ్డున మనం, ఆ ఒడ్డుకి ఆవల వాళ్లు, ఇద్దరి కథా ఒకే కంపెనీ ఆఫీసులో రాశారన్నమాట. పిల్లలకి ఆ గోడ దగ్గరే నిలబెట్టి చెప్పు, మర్చిపోరు.

అక్కడి నుంచి లిటిల్ ఇండియాకి నడిచే వెళ్లొచ్చు. వదినగారు నడవలేకపోతే గ్రాబ్ పిలువు, మన ఓలా లాంటిదే. క్వీన్ స్ట్రీట్‌లో మహా మారియమ్మన్ గుడి ఉంది, 1833 నాటిది. మన గుళ్లలాగే మధ్యాహ్నం తలుపులు వేస్తారు, అందుకని ముందు అక్కడికే వెళ్లండి. వదినగారికి దర్శనం అయిపోతే ఆవిడ మనసు కుదుటపడుతుంది, తర్వాత ఎక్కడ కూర్చోబెట్టినా కూర్చుంటారు. చుట్టుపక్కల ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం దొరుకుతాయి. అక్కడికి దగ్గర్లోనే ఒక వీధిలో చర్చి, చైనా వాళ్ల గుడి, కపితాన్ కెలింగ్ మసీదు వరసగా ఉన్నాయి. జార్జ్‌టౌన్‌ని మలక్కాతో కలిపి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టిందంటే ఊరికే కాదు. పిల్లలకి ఆర్మీనియన్ స్ట్రీట్ గోడ మీద బొమ్మ చూపించు. నిజం సైకిలు గోడకి ఆనించి, దాని మీద ఇద్దరు పిల్లల్ని రంగులతో వేశారు. ఇంకా ఓపిక ఉంటే చ్యూ జెట్టీ, నీళ్లలో కర్రల మీద కట్టిన ఇళ్లు. అంతే. ఇవన్నీ రేవు చుట్టూనే. ఎక్కడున్నా కారెక్కితే కాసేపట్లో రేవు చేరతారు.

పెనాంగ్ హిల్ వద్దంటున్నాను. అల్లుడుగారికి ఆ కొండ రైలు మీద మనసుందని తెలుసు. పైనుంచి చూస్తే బాగుంటుంది, కాదనను. కానీ ఊరి నుంచి కొండ కిందికి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. ఎక్కేటప్పుడు లైను కనిపిస్తుంది కాబట్టి లెక్కేసుకుంటాం. దిగడానికి కూడా లైను ఉంటుందని ఎవరికీ తట్టదు. మేము రెండోసారి వెళ్లినప్పుడు పైన చూసింది 20 నిమిషాలు, దిగడానికి నిలబడింది గంట పైన. ఆ గంటలో నేను ఒక్క కొండ కూడా చూడలేదు, వాచీ ముళ్లే చూశాను. మీ ఓడ రాత్రి దాకా ఆగేదైతే వెళ్లండి. సాయంత్రం కదిలేదైతే పిల్లలతో, పెద్దావిడతో వద్దు.

ఫుకెట్ వేరే కథ. అక్కడ కొన్ని ఓడలు మాఖామ్ దగ్గర రేవుకి ఆనుతాయి, కొన్ని పటాంగ్ ఎదురుగా సముద్రంలో లంగరేసి చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తాయి. మీదేదో ఇప్పుడే కనుక్కో. చిన్న పడవలైతే టోకెన్లు ఇస్తారు. ఓడవాళ్ల టూర్ కొన్నవాళ్లు ముందు, మనం తర్వాత. పడవలోకి దిగేచోట అల ఊగుతుంటే అడుగు వెయ్యాలి. సిబ్బంది చెయ్యి పట్టుకుంటారు, అయినా వదినగారికి ముందే చెప్పి ఉంచు, తొందరపడొద్దని, వాళ్లు 'ఇప్పుడు' అన్నప్పుడే అడుగు వెయ్యమని. పటాంగ్ పడమటి ఒడ్డు. మే నుంచి అక్టోబర్ దాకా రుతుపవనాల అలలు ఎక్కువ. సముద్రం బాగాలేకపోతే ఆ ఊరు ఎగ్గొట్టి వెళ్లిపోయే హక్కు కెప్టెన్‌కి ఉంది. కాబట్టి అక్కడ డబ్బు వెనక్కిరాని బుకింగ్ ఏదీ చెయ్యకు.

పటాంగ్ నుంచి ఫుకెట్ పాత ఊరికైనా, వాట్ చలోంగ్ గుడికైనా కొండ దాటాలి. ఫ్లైఓవర్ రాకముందు విజయవాడలో దుర్గ గుడి కింద ఎలా ఇరుక్కుపోయేవాళ్లమో గుర్తుందా? ఆ కొండ రోడ్డు అలాంటిదే. అందుకని రెంటిలో ఒక్కటే పెట్టుకో. గుడికైతే భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు, అల్లుడుగారు నిక్కరుతో వెళ్లకుండా చూడు. పాత ఊరైతే తలాంగ్ రోడ్డులో రంగురంగుల పాత ఇళ్ల కింద నీడలో నడవొచ్చు. ఫాంగ్ ఎన్‌గా బే దీవులు చూడాలని ఉంటే మాత్రం సొంతంగా వద్దు, ఆ ఒక్కదానికి ఓడవాళ్ల టూరే కొనండి. రోడ్డు, పడవ, మళ్లీ రోడ్డు, ఇన్ని చేతులు మారే చోట ఆలస్యం మన నెత్తిన పడకూడదు.

ఇక బీచ్‌లోనే ఉండిపోయినా మీకు పోయేదేమీ లేదు, పిల్లలకి అదే పండగ. ఎర్ర జెండా పాతి ఉంటే మాత్రం మోకాలి లోతు కూడా దిగనివ్వకు. పక్కవాళ్లు దిగుతున్నారు కదా అని అనొద్దు.

టాక్సీ మాట. బేరం రానూపోనూ, ఆగే టైమ్‌తో కలిపి చెయ్యి. డబ్బు తిరిగి రేవు దగ్గర దిగాకే ఇవ్వు. ఎక్కేముందే 'షాపులు వద్దు' అని గట్టిగా చెప్పు. మమ్మల్ని ఒకతను అడక్కుండానే నగల షాపు ముందు ఆపాడు. అందులోంచి బయటపడేసరికి 40 నిమిషాలు పోయాయి, గుడి చూడకుండానే వెనక్కొచ్చాం. ఆ గుడి నాకు ఇప్పటికీ బాకీయే.

కాగితాల సంగతి క్లుప్తంగా. మీరు సింగపూర్‌లో దిగి, ఓడెక్కి, మళ్లీ సింగపూర్‌లోనే దిగుతారు, అంటే రెండుసార్లు ప్రవేశం. వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా అని అయిదుగురివీ ఒక్కొక్కటిగా తీసి చూడు. మలేసియా, థాయ్‌లాండ్‌లకి ఏమేం కావాలో ఓడ కంపెనీని మెయిల్‌లో అడుగు, జవాబు ప్రింటు తీసుకో. ఈ రూల్స్ మారుతుంటాయి, నా మాట కూడా నమ్మొద్దు. గ్రాబ్ యాప్, కార్డు కలపడం అన్నీ ఇక్కడే చేసుకో, ఓటీపీ ఇక్కడైతే టెన్షన్ లేకుండా వస్తుంది. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చెయ్యి. ఓడ నడుస్తున్నప్పుడు ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి, లేదంటే సముద్రం మీద నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు గుండె ఆగేట్టు వస్తుంది. ఓడలో కడుపు నిండా టిఫిన్ చేసి దిగండి, కానీ బఫేలోంచి పళ్లు, వండినవి మూటకట్టకండి, చాలా రేవుల్లో దింపనివ్వరు. సీలు తీయని బిస్కెట్ పాకెట్లు చాలు.

ఒక పోస్టుకార్డంత అట్టముక్క మీద ఓడ పేరు, రేవు పేరు, ఆల్ అబోర్డ్ టైమ్, పోర్ట్ ఏజెంట్ (ఆ ఊళ్లో ఓడవాళ్ల తరఫు మనిషి) ఫోన్ నంబరు ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసి అయిదుగురి జేబుల్లోనూ పెట్టు. ఆ నంబరు ఓడవాళ్ల కాగితంలోనే ఉంటుంది. వదినగారికి తెలుగులో ఇంకోటి రాసివ్వు. ఒకవేళ ఓడ తప్పిపోతే ఆ ఏజెంటే దిక్కు, తర్వాతి ఊరికి మన ఖర్చుతోనే పోవాలి. అందుకే పాస్‌పోర్టు జిరాక్సు, ఒక కార్డు, కొంచెం నగదు, వదినగారి బీపీ మాత్రలు రెండు రోజులకి సరిపడా చేతిసంచిలో ఉండాలి. పెద్ద పెట్టెలో పెట్టి దిగొద్దు.

భయపెట్టాలని కాదు తల్లీ. పెనాంగ్‌లో మేము పైనుంచి చూస్తుండగానే తాళ్లు విప్పేశారు. ఓడకీ గట్టుకీ మధ్య ఒక మూర నీళ్లు కనిపించాయి. అప్పుడొచ్చారు ఒక భార్యాభర్తా, చేతుల్లో షాపింగ్ సంచులతో పరిగెత్తుకుంటూ. పైన జనం చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆవిడ ముఖం చూడలేక కళ్లు తిరిగినంత పనైంది. నీళ్లు ఒక మూర నుంచి బారెడయ్యాయి. ఆవిడ సంచులు కిందపెట్టి అలాగే నిలబడిపోయింది.

ఆదివారం పిల్లల్ని తీసుకుని భోజనానికి రా. ఆ లిస్టు, ఓడ కాగితం రెండూ తెచ్చుకో, కూర్చుని కొట్టేద్దాం. పెదనాన్న ఆ హెచ్‌ఎంటీ వాచీ నీకిస్తామన్నారు. రోజూ పొద్దున కీ ఇవ్వాలి, మర్చిపోతే ఆగిపోతుంది. అల్లుడుగారి చేతికి పెట్టకు, నీ చేతికే పెట్టుకో.

మీ పెద్దమ్మ